నోయా: ఒక హీబ్రూ స్త్రీనామపు అర్థం, ప్రజాదరణ – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

హీబ్రూ బైబిల్‌లో సెలోపెహాదు అనే వ్యక్తికి ఉన్న అయిదుగురు కుమార్తెలలో ఒకరి పేరు నోయా. తండ్రి భూమిలో వాటా కోరి మోషే ఎదుట నిలిచిన స్త్రీలలో ఒకరిగా ఈమె సంఖ్యాకాండంలో కనిపిస్తుంది. క్రీ.పూ. 8వ శతాబ్దానికి చెందిన కుండపెంకు లేఖనాలలో ఇదే పేరు ఒక ప్రాంతనామంగా ఉంది. ఆ తరువాత శతాబ్దాల తరబడి మరుగున ఉండి, 21వ శతాబ్దారంభంలో ఇజ్రాయెల్ యూదు కుటుంబాలు ఆడపిల్లలకు అత్యధికంగా పెట్టిన పేరయింది. ఈ పేరు ధాత్వర్థాన్ని, ప్రాచీన ఆధారాలను, ఆధునిక పునరాగమనాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పునరాగమనానికి ఆస్తిహక్కు కథ మీది గౌరవం ప్రధానకారణం కాదని, పేరు ధ్వనిరూపమూ, పాత బంధాలు లేని బైబిల్ నామాల కోసం సాగిన అన్వేషణా కారణాలని ప్రతిపాదిస్తుంది. రోమన్ లిపిలో ఈ పేరు నోవహు పేరుతో కలిసిపోవడం వల్ల పరిశోధనకు కలుగుతున్న ఇబ్బందిని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: హీబ్రూ, నామవిజ్ఞానం, నోయా, నోవహు, సెలోపెహాదు, వారసత్వం, షోమ్రోను, లిప్యంతరీకరణం, తెలుగు బైబిల్.

1. ఉపోద్ఘాతం:

పేరును చరిత్రకు ఆధారంగా స్వీకరించడం తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊళ్ళ పేర్లు’ వంటి పరిశోధనలు మనకు ఉన్నాయి. ఊరి పేరు వెనుక మనిషి పేరు, మనిషి ఇంటిపేరు వెనుక ఊరి పేరు దాగి ఉండటం నామవిజ్ఞానంలో పనిచేసినవారికి నిత్యానుభవమే. ఈ వ్యాసానికి విషయమైన హీబ్రూ పేరు కూడా అటువంటిదే. అది మొదట ఒక స్త్రీ పేరా, ఒక ఊరి పేరా అన్న ప్రశ్నకు నేటికీ పండితులు వేర్వేరు సమాధానాలు చెబుతున్నారు.

పిల్లల పేర్ల పుస్తకాలలో హీబ్రూ పేర్లకు అర్థం ఒక్క మాటలో ఉంటుంది. దావీదు అంటే ప్రియుడు, హన్నా అంటే కృప, నోవహు అంటే విశ్రాంతి. పేరు పెట్టదలచిన తల్లిదండ్రులకు అంతకంటే అవసరం ఉండకపోవచ్చు. చరిత్ర విద్యార్థికి మాత్రం ఆ ఒక్క మాటతో పని జరగదు. పేరుకు ధాత్వర్థం ఒకటి, ఆ పేరుగల పూర్వవ్యక్తి కథ తెచ్చిపెట్టిన అర్థం మరొకటి, పేరు పెట్టిన కాలం దానికి అంటించిన అర్థం ఇంకొకటి ఉంటాయి. నోయా విషయంలో ఈ మూడూ మూడు దారులలో నడిచాయి.

స్త్రీ పేరుకు తెలుగు బైబిల్ వాడిన ‘నోయా’ రూపాన్నీ, జలప్రళయ కథలోని పురుషుడి పేరుకు ‘నోవహు’ రూపాన్నీ ఈ వ్యాసంలో వాడుతున్నాను. ఈ రెండు రూపాలను వేరుగా ఉంచడం ఎంత విలువైన పనో చివరి విభాగంలో తెలుస్తుంది.

2. ధాతువు, అర్థం:

సంస్కృతం వలె హీబ్రూ కూడా ధాతుప్రధానమైన భాష. చాలా పదాలకు మూడు హల్లుల ధాతువు మూలంగా ఉంటుంది. నోయా పేరుకు మూలం నూన్, వావ్, అయిన్ అనే అక్షరాల ధాతువు. కదలడం, ఊగడం, వణకడం, తిరుగాడటం దీని అర్థాలు. నోవహు పేరును నూన్, వావ్, హేత్ అనే ధాతువుతో ముడిపెడతారు. ఆగడం, కుదురుకోవడం, విశ్రమించడం దాని అర్థాలు. రెండింటికీ భేదం చివరి హల్లులోనే ఉంది. అయిన్, హేత్ రెండూ గొంతు లోతు నుంచి పలికే ధ్వనులే. మొదటిది నాదం, రెండవది శ్వాసం. ఈ ఒక్క భేదంతో అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. ఒక పేరులో చలనం ఉంది, మరొక పేరులో నిశ్చలత ఉంది.

నోవహు పేరుకు ఆదికాండమే ఒక వ్యుత్పత్తి చెబుతుంది. అయితే తండ్రి లెమెకు చెప్పిన కారణం ఓదార్పుకు సంబంధించినది; ఆ క్రియకు ధాతువు వేరు. వ్యాకరణపరంగా అది జానపద వ్యుత్పత్తి. అసలు ధాతువును కథకుడు మరిచిపోలేదు. ఓడ అరారాతు పర్వతాల మీద నిలిచిన చోట వాడిన క్రియలోనూ, పావురానికి కాలు మోపే చోటు దొరకలేదని చెప్పిన చోటి నామంలోనూ అదే ధాతువు ఉంది. నోవహు పేరు కథ పొడవునా మారుమోగుతూ ఉంటుంది.

నోయాకు ఈ భాగ్యం దక్కలేదు. ఆమె పేరు ఎందుకు పెట్టారో బైబిల్‌లో ఎవరూ చెప్పరు. అర్థం కోసం ఆ ధాతువు ఇతర చోట్ల ఎలా వాడారో చూడాలి. హత్య చేసిన కయీనుకు పడిన శిక్ష దేశదిమ్మరితనం. అక్కడ ఈ ధాతువే ఉంది. యెషయా గ్రంథంలో శత్రువార్త విన్న ప్రజల గుండెలు గాలికి అడవిచెట్లు ఊగినట్లు ఊగిపోతాయి, అక్కడా ఇదే. న్యాయాధిపతుల గ్రంథంలో యోతాము చెప్పిన చెట్ల కథలో ఒలీవచెట్టు, అంజూరపుచెట్టు, ద్రాక్షావల్లి తమ ఫలాలను విడిచి తక్కిన చెట్ల మీద ఊగడానికి, అంటే పెత్తనం చేయడానికి, నిరాకరిస్తాయి. ఆ ఊగడం కూడా ఈ ధాతువే. సమూయేలు మొదటి గ్రంథంలో సంతానం కోసం హన్నా మౌనంగా ప్రార్థిస్తున్నప్పుడు స్వరం వినబడదు, పెదవులు మాత్రం కదులుతాయి. ఆ కదలికకూ ఇదే క్రియ. పేర్ల పుస్తకాలు ‘కదలిక’ అని చెప్పి ఊరుకున్న మాటలో హంతకుడి తిరుగాట నుంచి తల్లికావాలని కోరుకున్న స్త్రీ పెదవుల కదలిక దాకా ఇంత వైశాల్యం ఉంది. ఆధునిక హీబ్రూలో ఉద్యమానికీ, వీధిలోని రాకపోకలకూ వాడే ‘తెనువా’ అనే మాట కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. కనుక నేటి హీబ్రూ భాషికులకు ఈ పేరు అర్థం నిఘంటువు చూడకుండానే చెవికి తగులుతుంది.

3. సంఖ్యాకాండంలో నోయా:

సంఖ్యాకాండం 26వ అధ్యాయం వాగ్దానదేశంలో ప్రవేశించబోయే తరం జనాభా లెక్క. పురుషుల పేర్ల మీదుగా వంశాలను లెక్కించే ఆ పట్టికలో మనష్షే గోత్రం దగ్గర ఒక్కసారిగా అయిదుగురు స్త్రీల పేర్లు వస్తాయి. హెపెరు కుమారుడైన సెలోపెహాదుకు కుమారులు లేరు; కుమార్తెల పేర్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఆ పేర్లు అక్కడ ఎందుకు వచ్చాయో 27వ అధ్యాయం చెబుతుంది. ఆ అయిదుగురూ ప్రత్యక్షపు గుడారపు ద్వారం వద్ద మోషే, యాజకుడైన ఎలియాజరు, గోత్రప్రధానులు, సర్వసమాజం ఎదుట నిలిచి వాదిస్తారు. తమ తండ్రి కోరహు తిరుగుబాటులో పాల్గొన్నవాడు కాదని ముందుగా స్పష్టం చేస్తారు. అతనికి కుమారులు లేనంత మాత్రాన అతని పేరు వంశం నుంచి ఎందుకు తొలగిపోవాలని ప్రశ్నిస్తారు. తండ్రి సోదరులతో పాటు తమకూ స్వాస్థ్యం ఇమ్మని అడుగుతారు.

ఈ వాదనలోని చాతుర్యాన్ని గమనించాలి. వాళ్లు అడిగినది భూమి. చెప్పిన కారణం తండ్రి పేరు. స్త్రీకి స్వతంత్రంగా హక్కు ఉందన్న మాట ఎక్కడా అనరు. పితృవంశ వ్యవస్థ అన్నింటికంటే ఎక్కువగా కాపాడుకోవాలనుకునే దానినే ముందుకు తెచ్చి, దాన్ని కాపాడాలంటే మాకు భూమి ఇవ్వక తప్పదని చూపిస్తారు. మోషే తానుగా తీర్పు చెప్పలేక దేవుని ఎదుట ఉంచుతాడు. కుమార్తెల మాట న్యాయమైనదని సమాధానం వస్తుంది. అంతటితో ఆగక అది సామాన్య శాసనమవుతుంది: కుమారుడు లేకపోతే కుమార్తెకు, ఆమె కూడా లేకపోతే మృతుని సోదరులకు, తరువాత తండ్రి సోదరులకు, ఆపైన సమీపబంధువుకు ఆస్తి చెందుతుంది.

అయితే గ్రంథం చివర 36వ అధ్యాయంలో గిలాదు వంశపెద్దలు అభ్యంతరం తెస్తారు. ఈ స్త్రీలు వేరే గోత్రంవారిని పెళ్లాడితే భూమి ఆ గోత్రానికి పోతుందని, సునాద సంవత్సరం వచ్చినా తిరిగి రాదని వారి భయం. ఫలితంగా తండ్రి గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతు వచ్చింది. అయిదుగురూ పినతండ్రి, పెదతండ్రి కుమారులను పెళ్లాడారు. హక్కు నిలిచింది, వివాహస్వేచ్ఛ తగ్గింది. కుమార్తె హక్కును ఆమె వివాహంతో ముడిపెట్టి కుదించడం ఆ కాలానికే పరిమితమైనది కాదు. 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ కుమార్తెలను ఉమ్మడి ఆస్తిలో దాయాదులుగా గుర్తిస్తూనే, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది.

యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో ఈ అయిదుగురూ మళ్లీ కనిపిస్తారు. దేశం పంచే వేళ ఎలియాజరు, యెహోషువల ముందుకు వచ్చి, మోషే కాలంనాటి ఆజ్ఞను గుర్తుచేస్తారు. తీర్పు వచ్చినంత మాత్రాన భూమి చేతికి రాదని, రెండవసారీ అడగవలసి వచ్చిందని ఈ ప్రస్తావన సూచిస్తుంది. దినవృత్తాంతముల మొదటి గ్రంథానికి వచ్చేసరికి సెలోపెహాదుకు కుమార్తెలు ఉన్నారన్న మాటే మిగిలింది. వాళ్ల పేర్లు లేవు.

పేర్ల క్రమంలో ఒక చిన్న తేడాను యూదు వ్యాఖ్యాతలు వదలలేదు. 27వ అధ్యాయంలో నోయా రెండవది. 36వ అధ్యాయంలో చివరిది. తల్మూదులోని బావా బత్రా భాగంలో దీనికి వివరణ ఉంది. ఒకచోట జ్ఞానక్రమం, మరొకచోట వయఃక్రమం పాటించారని ఒక అభిప్రాయం. అందరూ సమానులే కనుక క్రమం మారిందని మరొక అభిప్రాయం. ఆ భాగమే ఈ స్త్రీలను జ్ఞానవతులు, ధర్మశాస్త్రాన్ని వ్యాఖ్యానించగలవారు, నీతిమంతులు అని మెచ్చుకుంటుంది. యోగ్యుడైన వరుడు దొరికేదాకా వేచి ఉన్నారని, అందరిలో చిన్నదానికి కూడా నలభై ఏళ్లలోపు పెళ్లి కాలేదని చెబుతుంది. రబ్బీలు ఇంతగా మెచ్చుకున్న స్త్రీల పేర్లను ఆ రబ్బీల సమాజం తన కూతుళ్లకు పెట్టుకోవడానికి ఉత్సాహపడినట్లు కనిపించదు.

4. షోమ్రోను కుండపెంకులు:

బైబిల్ వెలుపల నోయా పేరుకు ఉన్న ఆధారం అపురూపమైనది. 1910లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ రైస్నర్ షోమ్రోను నగర శిథిలాలలో తవ్వకాలు జరిపినప్పుడు సిరాతో రాసిన కుండపెంకులు నూరుకు పైగా బయటపడ్డాయి. ఉత్తర ఇజ్రాయెల్ రాజ్యానికి షోమ్రోను రాజధాని. ఈ పెంకులను క్రీ.పూ. 8వ శతాబ్దపు పూర్వార్ధానికి, ఎక్కువమంది పండితులు రెండవ యరొబాము కాలానికి, చెందినవిగా భావిస్తారు. వీటిలో కావ్యం లేదు, ప్రార్థన లేదు. అన్నీ సరకు చీటీలు. ఏ పాలన సంవత్సరంలో, ఏ ప్రాంతం నుంచి, ఎవరి పేరున, ఎంత పాత ద్రాక్షారసం లేదా శుద్ధమైన నూనె వచ్చిందో రాసిన లెక్కలు.

ఆ ప్రాంతాల పేర్లే ఇక్కడ ముఖ్యం. అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా అన్న పేర్లు కనిపిస్తాయి. వాటితో పాటు నోయా, హొగ్లా పేర్లు కూడా ఉన్నాయి. యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో మనష్షే గోత్రానికి చెప్పిన వంశాలను దీని పక్కన పెట్టి చూడాలి. అక్కడ కుమారుల వంశాలు ఆరు, వాటిలో ఒకటి హెపెరుది. హెపెరు వంశం సెలోపెహాదుతో కుమారులు లేక ఆగిపోయింది కనుక ఆ స్థానంలో అయిదుగురు కుమార్తెలు నిలిచి, మొత్తం పది భాగాలయ్యాయి. పెంకుల మీద తక్కిన అయిదు వంశాలూ ఉన్నాయి. హెపెరు పేరు లేదు, సెలోపెహాదు పేరు లేదు. ఆ స్థానంలో ఇద్దరు కుమార్తెల పేర్లు ఉన్నాయి.

దీన్ని వ్యాఖ్యానించడంలో రెండు మార్గాలున్నాయి. స్త్రీల పేర్లతో ఆ ప్రాంతాలకు పేర్లు వచ్చాయని ఒకటి. ముందునుంచీ ఉన్న ప్రాంతాల పేర్లనే కథ స్త్రీలుగా మలచి, ఆ ప్రాంతాలకు మనష్షే గోత్రంతో గల సంబంధాన్ని కుటుంబకథగా చెప్పిందని మరొకటి. తిర్సా అన్నది ఉత్తర రాజ్యానికి షోమ్రోను కంటే ముందు రాజధానిగా ఉన్న పట్టణం పేరు కూడా కావడం రెండవ వాదానికి బలమిస్తుంది. నేను కూడా దీని వైపే మొగ్గుతాను. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. గోత్రకథలలో ప్రాంతాలను కుమారులుగా చెప్పడమే ఆనవాయితీ. ఈ ప్రాంతాలను మాత్రం కుమార్తెలుగా ఎందుకు చెప్పారు? ఆ పేర్లు వ్యాకరణరీత్యా స్త్రీలింగాంతాలు కావడం ఒక కారణం కావచ్చు. కానీ అంత చిన్న కారణం నుంచి ఒక వారసత్వ శాసనం పుట్టడానికి ఆ సమాజంలో కుమార్తె ఆస్తి నిజమైన వివాదాంశంగా ఉండి ఉండాలి. లేని తగవుకు ఎవరూ తీర్పు కథ కట్టరు.

ఏ మార్గాన్ని అంగీకరించినా ఒక విషయం స్థిరం. తండ్రి పేరు పోకూడదని కుమార్తెలు వాదించారని గ్రంథం చెబుతోంది. రాజ్యపు లెక్కలలో మిగిలినవి కుమార్తెల పేర్లే.

5. మరుగుపడిన శతాబ్దాలు:

రెండవ దేవాలయ కాలంలో యూదియలో వాడిన పేర్లను తాల్ ఇలాన్ విస్తృతంగా సంకలనం చేసింది. సమాధి పేటికలు, పత్రాలు, గ్రంథాలు ఆమెకు ఆధారాలు. ఆ కాలపు స్త్రీలలో మిర్యాము, సలోమె అన్న పేర్లు తక్కినవాటికంటే ఎంతో ముందున్నాయి. రెండూ హస్మోనీయ రాజవంశపు స్త్రీల పేర్లు. యోసేఫు, సీమోను, యూదా వంటి పురుషనామాలూ ఇలాగే కొద్దిసంఖ్యలో పదేపదే తిరిగాయి. రాజవంశపు ప్రతిష్ఠ పేర్లను నిర్ణయించిన ఆ సమాజంలో భూమి వాటా కోరిన అక్కచెల్లెళ్లకు చోటు చిక్కలేదు.

మధ్యయుగాలలో కారణం వేరు. ధర్మశాస్త్ర పఠనానికి పిలిచేందుకు పురుషుడికి హీబ్రూ పేరు తప్పనిసరి. స్త్రీకి ఆ పిలుపు లేదు కనుక పవిత్రభాషలో పేరు ఉండాలన్న ఒత్తిడి లేదు. తూర్పు ఐరోపా యూదు స్త్రీల పేర్లు యిడ్డిష్‌లో గోల్డా, ఫ్రేడా, రేజ్ల్ వంటివి. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదులలో లూనా, రేనా, ఎస్త్రెల్లా వంటివి. బంగారం, ఆనందం, చంద్రుడు, రాణి, నక్షత్రం వంటి అర్థాలు గల ఈ పేర్లు మన బంగారమ్మ, చంద్రమ్మలకు దగ్గరి చుట్టాలు. చనిపోయిన బంధువు పేరును పిల్లకు పెట్టే ఆచారం తూర్పు ఐరోపా యూదులలో బలంగా ఉండటం వల్ల ఉన్న పేర్లే తరం తరువాత తరం తిరిగాయి. నానమ్మకు లేని పేరు మనవరాలికి రాలేదు.

6. ఆధునిక హీబ్రూలో పునరాగమనం:

1881లో ఎలియెజెర్ బెన్ యెహూదా జెరూసలేముకు వచ్చాడు. మరుసటి ఏడు పుట్టిన కుమారుడిని హీబ్రూ మాత్రమే వినిపిస్తూ పెంచాడు. మాతృభాషగా హీబ్రూ మళ్లీ మొదలైన ఆ ఇంటి నుంచే పేర్ల చరిత్ర కూడా మలుపు తిరిగింది. ప్రవాసకాలపు పేర్లను విడిచి, బైబిల్ కాలంనాటి పేర్లను, కొత్తగా కల్పించిన హీబ్రూ పేర్లను పెట్టుకోవడం జాతీయోద్యమంలో భాగమయింది. గ్ర్యూన్ ఇంటిపేరుగల దావీదు బెన్ గురియన్ అయ్యాడు. గోల్డా మేయర్సన్ 1956లో మెయిర్ అయింది. అయితే ఆమె ఇంటిపేరు మార్చుకున్నది గాని, యిడ్డిష్ సొంతపేరును అలాగే ఉంచుకుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు విడవడం పెద్దవాళ్లకు కష్టం. మార్పు అంతా పిల్లల పేర్లలోనే జరగాలి.

1882 నుంచి 1980 వరకు ఇజ్రాయెల్‌లో పెట్టిన పేర్లను సాషా వైట్‌మన్ జాతీయ దృక్పథాల సూచికగా పరిశీలించాడు. పేర్లను నమోదు చేసిన ప్రభుత్వ పట్టికలు సమాజపు మనసుకు సాక్ష్యమవుతాయని నిరూపించిన అధ్యయనాలలో ఇది ముఖ్యమైనది. ఈ కాలంలో సంప్రదాయం శతాబ్దాలపాటు పెట్టకుండా వదిలేసిన బైబిల్ పేర్లు కూడా తిరిగివచ్చాయి. రబ్బీల దృష్టిలో దుష్టులైన నిమ్రోదు, ఒమ్రీ వంటి పేర్లు సైతం పిల్లలకు పెట్టారు. ఆ పేర్లకు ప్రవాస జ్ఞాపకం అంటలేదన్నదే వాటి ఆకర్షణ. నోయా దుష్టురాలు కాదు, అయినా ఆమె పేరుకు అదే లాభం ఉంది. ఏ నానమ్మకూ ఆ పేరు లేదు. ఇదివరకు లోపమైనది ఇప్పుడు గుణమయింది.

21వ శతాబ్దపు మొదటి దశాబ్దమంతా ఇజ్రాయెల్ కేంద్ర గణాంక కార్యాలయం ఏటేటా ప్రకటించే యూదు ఆడపిల్లల పేర్ల పట్టికలో నోయా ప్రథమస్థానంలో నిలుస్తూ వచ్చింది. 2010ల రెండవ సగంలో తామారు దానిని దాటింది. ఈ ప్రథమస్థానాన్ని సెలోపెహాదు కుమార్తెల సాహసానికి ఆధునిక సమాజం ఇచ్చిన గుర్తింపుగా వ్యాఖ్యానించడం సులభం, వినడానికి బాగుంటుంది కూడా. 1951 నాటి స్త్రీల సమానహక్కుల చట్టం, కుమారులకూ కుమార్తెలకూ సమానవాటా ఇచ్చిన 1965 నాటి వారసత్వ చట్టం ఆ దేశంలో ఉన్నాయి కనుక ఈ వ్యాఖ్యకు నేపథ్యం కూడా సిద్ధంగా ఉంది. కానీ ఆధారాలు ఈ వ్యాఖ్యను సమర్థించవు.

మిగిలిన నలుగురు అక్కచెల్లెళ్ల సంగతి చూస్తే చాలు. కథే కారణమైతే అయిదు పేర్లూ కలిసి పైకి రావాలి. అలా జరగలేదు. మహలా పేరు హీబ్రూ చెవికి వ్యాధిని సూచించే మాటలాగా వినబడుతుంది. హొగ్లా అంటే కౌజుపిట్ట. హేఫెర్ లోయలో ఒక వ్యవసాయగ్రామానికి ఆ పేరు పెట్టారు, కాగితపు వస్తువుల వ్యాపారనామంగానూ అది ప్రసిద్ధం, కానీ పిల్లల పేరుగా వ్యాపించలేదు. మిల్కా, తిర్సా పేర్లు పాతతరంలో వాడుకలో ఉన్నా నోయా స్థాయిని అందుకోలేదు. అయిదుగురూ ఒకే వాదన చేశారు, ఒకే తీర్పు పొందారు. ఒక్కరి పేరే నెగ్గింది. కనుక కారణాన్ని కథలో గాక పేరులోనే వెదకాలి.

స్టాన్లీ లీబర్‌సన్ 2000లో వెలువరించిన గ్రంథంలో పేర్ల అభిరుచి బయటి సంఘటనల కంటే తన లోపలి గతితో మారుతుందని వాదించాడు. ఒక ధ్వనిరూపం నచ్చడం మొదలైతే దానికి దగ్గరి పేర్లు వరుసగా పైకి వస్తాయి. నోయా రెండు అక్షరాల పేరు, అచ్చుతో ముగుస్తుంది, కఠినమైన హల్లు లేదు. నేటి హీబ్రూ ఉచ్చారణలో అయిన్ దాదాపు వినబడదు కనుక మరింత మృదువయింది. బైబిల్ ప్రామాణ్యం ఉన్నందున మతనిష్ఠ గల కుటుంబాలకు అభ్యంతరం లేదు. పాతవాసన లేనందున లౌకిక కుటుంబాలకూ అభ్యంతరం లేదు. రెండు వర్గాలకూ ఆమోదయోగ్యమైన పేర్లు ఆ సమాజంలో ఎక్కువ లేవు. అమోస్ ఓజ్ 1994 నాటి నవలలో ఉపాధ్యాయిని అయిన నాయికకు నోయా అని పేరు పెట్టాడు. గాయని అహినోయము నీని విదేశాలలో నోయాగా ప్రసిద్ధురాలయింది. అయితే ఆమె అసలు పేరు మాధుర్యాన్ని సూచించే వేరే ధాతువుకు చెందినది. ఇవి పేరు వ్యాప్తికి కారణాలనడం కంటే, అది అప్పటికే సహజంగా చెవికెక్కినదని చూపే గుర్తులనడం సమంజసం.

7. రోమన్ లిపిలో ఒకటైన రెండు పేర్లు:

ప్రాచీన అనువాదాలు ఈ రెండు పేర్లనూ జాగ్రత్తగా వేరు చేశాయి. గ్రీకు సప్తతి అనువాదంలో పురుషుడు నోఎ, స్త్రీ నూఆ. లాటిన్ వుల్గేటులో పురుషుడు నోఎ, స్త్రీ నోఆ. 1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్లానువాదం మాత్రం పాతనిబంధనలో ఇద్దరికీ ఒకే అక్షరక్రమం వాడింది. క్రొత్తనిబంధనలో నోవహు ప్రస్తావన వచ్చిన కొన్నిచోట్ల గ్రీకు రూపాన్ని అనుసరించి వేరే అక్షరక్రమం వాడిన ఆ అనువాదకులు, సంఖ్యాకాండంలోని స్త్రీకి మాత్రం ప్రత్యేక రూపం ఇవ్వలేదు. తరువాతి ఆంగ్లానువాదాలు చాలావరకు దీన్నే అనుసరించాయి. నాలుగు శతాబ్దాలుగా ఆంగ్ల పాఠకుడు 27వ అధ్యాయం చదివినప్పుడు అక్కడ ఒక స్త్రీకి ఓడ కట్టిన మనిషి పేరు ఎందుకుందో తెలియక ముందుకు సాగిపోవలసిందే.

ఈ కలయికకు నేడు గణాంకపరమైన పర్యవసానాలు ఉన్నాయి. అమెరికా సామాజిక భద్రతా సంస్థ పట్టికలలో నోవహు ఆంగ్లరూపం 2013 నుంచి 2016 వరకు మగపిల్లల పేర్లలో మొదటిది; అంతకుముందు 1999 నుంచి ఆ స్థానంలో యాకోబు ఆంగ్లరూపం ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021లో కూడా నోవహే మొదటిది. నోవహు కథ మీద హాలీవుడ్ చిత్రం వచ్చినది 2014లో. అప్పటికే పేరు శిఖరానికి చేరింది. సినిమాల వల్లే పేర్లు వ్యాపిస్తాయన్న వాదం ఇక్కడ కాలక్రమం దగ్గరే ఆగిపోతుంది. ‘మొదటి స్థానం’ అన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. 1880లో మొదటి స్థానంలో ఉన్న జాన్ పేరును ఆ పట్టికలోని మగపిల్లలలో 8 శాతానికి పైగా పెట్టుకున్నారు. 2013లో మొదటిదైన నోవహు 1 శాతం కూడా లేదు. పేర్ల సంఖ్య పెరిగి, ఒక్కొక్క పేరు వాటా తగ్గింది. నేటి ‘అత్యంత ప్రజాదరణ గల పేరు’ను తరగతిలో ఒక్క పిల్లవాడికీ చూడకపోవచ్చు.

ఆ పట్టికలు అక్షరక్రమం ఆధారంగా తయారవుతాయి. చివర ‘హెచ్’ ఉన్న రూపం ఆడపిల్లల జాబితాలో కనిపిస్తే అది నోయా అనుకొని పెట్టినదా, నోవహు పేరునే ఆడపిల్లకు పెట్టినదా తేల్చే మార్గం పట్టికలో లేదు. పేర్ల పుస్తకాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, చివర ‘హెచ్’ లేని స్త్రీనామానికి కూడా విశ్రాంతి అన్న అర్థాన్ని అంటించిన సందర్భాలున్నాయి. ధాతువు ప్రకారం అది నేరుగా వ్యతిరేకార్థం. వాటా కోసం రెండుసార్లు సభ ఎదుట నిలిచిన స్త్రీ పేరుకు విశ్రాంతి అని అర్థం చెప్పడం వ్యాకరణదోషం మాత్రమే కాదని నాకనిపిస్తుంది.

తెలుగు బైబిల్ ఈ పొరపాటు చేయలేదు. నోవహులోని హకారం హీబ్రూ హేత్‌కు గుర్తు. నోయాలో హకారం లేదు. పలకలేని అయిన్ స్థానంలో రెండు అచ్చుల మధ్య యకారం వచ్చింది. యడాగమం తెలిసిన భాషకు అది సహజమైన పరిష్కారం. హీబ్రూలో చివరి హల్లు ఒక్కటే చేసిన పనిని తెలుగులో యకారమూ, హకారమూ పంచుకున్నాయి.

అయితే హీబ్రూ పేర్లు తెలుగువారి ఇళ్లలోకి బైబిల్ దారిన మాత్రమే రాలేదు. యెహోషువ అన్న గ్రంథరూపం ఉండగా మన కవి పేరు జాషువ; అది ఆంగ్ల ఉచ్చారణ దారి. యోహాను, జాన్, దావీదు, డేవిడ్, మరియ, మేరీ ఇలా జంటరూపాలు పక్కపక్కనే ఉన్నాయి. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో ఉన్న బెనె ఎఫ్రాయిము సముదాయం మూడవ దారిని సూచిస్తుంది. తమను మనష్షే సోదరుడైన ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకునే ఈ తెలుగువారు యూదు ఆచారాలతో పాటు హీబ్రూ పేర్లను స్వీకరించారు. వీరి గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో గ్రంథం ప్రచురించారు. ఒకే హీబ్రూ పేరు గ్రంథరూపంలో, ఆంగ్లరూపంలో, ఆధునిక హీబ్రూ రూపంలో తెలుగు లిపికి ఎక్కే అవకాశం ఇక్కడ ఉంది. తెలుగు క్రైస్తవ, యూదు వ్యక్తినామాలను సేకరించే పరిశోధకులు చర్చి రిజిస్టర్లలోని తెలుగు రూపాన్నీ, పాఠశాల ధ్రువపత్రంలోని రోమన్ రూపాన్నీ వేర్వేరు గడులలో నమోదు చేసుకోవలసి ఉంటుంది. రోమన్ రూపం మాత్రమే రాసుకుని తరువాత దానినుంచి తెలుగు రూపాన్ని ఊహించుకుంటే, నోయా మళ్లీ నోవహు ఖాతాలోకి చేరుతుంది.